బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కదపడం?

ఏటా నాలుగు గురువారాలు నా క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టి ఉంటాయి: ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండో గురువారం. లెక్కలు దాచిపెట్టే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు చిన్న విడుదలలు వచ్చే రోజులవి. వాటిలో కొత్త హంగులేవీ ఉండవు. గడచిన మూడు నెలల్లో బయటపడిన తప్పులకు సవరణలు, భద్రతాలోపాలకు మరమ్మతులు, అంతే. ఆ రాత్రి వివరాలు చదువుకుని, మా ఖాతాదారులలో ఎవరికి ఏది తగులుతుందో చూసుకుని, మర్నాటి నుంచి ఫోన్లు మొదలుపెడతాను.

శ్రీకాకుళంలో కూర్చుని చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టడం నా పని. పలాస జీడిపప్పు పరిశ్రమల సరుకు లెక్కలు, ఆమదాలవలస వైపు రైసుమిల్లుల బస్తాల లెక్కలు, విజయనగరం కేబుల్ టీవీ వాళ్ళ నెలవారీ వసూళ్ళు, ఇలాంటివి. "ఆదివారం రాత్రి కాసేపు సర్వర్ ఆపాలండీ" అంటే అవతలినుంచి వచ్చే జవాబు దాదాపు ఒకటే. "బాగానే నడుస్తోంది కదా మాస్టారూ, ఎందుకు కదపడం?" (నేను ఎవరికీ పాఠం చెప్పినవాణ్ణి కాను. మా ఊళ్ళో కీబోర్డు ముందు కూర్చున్న ప్రతివాడూ మాస్టారే.)

ఆ ప్రశ్న వేసేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. నడుస్తున్న మిల్లును ఊరికే విప్పితే ఏమవుతుందో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. అయినా వాళ్ళతో నాకు పేచీ ఉంది. మనం ముట్టుకోకపోతే సాఫ్ట్‌వేర్ ఎలా ఉన్నది అలాగే ఉంటుందన్న నమ్మకం ఒకటి ఆ మాటలో దాగి ఉంది. సాఫ్ట్‌వేర్ అలాగే ఉంటుంది, నిజమే. చుట్టూ ఉన్నవేవీ ఉండవు.

అందరికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ముందు రోజు దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. ఏ ప్రోగ్రామరూ తప్పు చేయలేదు, ఏ యంత్రమూ చెడిపోలేదు, అయినా ఆ ఉదయం మా రెండు జిల్లాల్లోని ప్రతి చిరునామా పట్టికా ఎంతో కొంత అబద్ధమైపోయింది. మండలం ఏ జిల్లాలో ఉందో ఒక్క చోట మాత్రమే రాసిపెట్టుకున్నవాళ్ళకు కొన్ని వరుసలు మారిస్తే సరిపోయింది. ఒక విషయాన్ని ఒక్క చోటే రాయాలన్న ఆ క్రమశిక్షణకు పునాది 1970లో ఎడ్గార్ కాడ్ రాసిన పత్రం. ప్రతి ఖాతాదారు వరుసలోనూ జిల్లా పేరును చేత్తో కొట్టినవాళ్ళు మాత్రం 'శ్రీకాకుళం', 'శ్రీకాకుళము', 'సిక్కోలు' అన్నీ వెదికి పట్టుకోవలసి వచ్చింది. పాత బిల్లు మళ్ళీ అచ్చు తీస్తే దాని మీద పాత జిల్లా పేరే ఉండాలన్నది వేరే తలనొప్పి, దాని జోలికి ఇప్పుడు పోను.

జిల్లాలు మారితే పత్రికల్లో వస్తుంది. డేటాబేస్ కాళ్ళ కింద జరిగే మార్పులు ఏ పత్రికలోనూ రావు.

విజయనగరంలో ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర ఖాతాదారులను ఇంటి నంబరుతో వెదుకుతారు. వసూలుకు వెళ్ళే కుర్రాడు ఇంటి ముందు నిలబడి ఫోనులో నంబరు కొడితే బకాయి కనిపించాలి. ఒకరోజు కొన్ని ఇళ్ళకు 'లేదు' అని రావడం మొదలైంది. మొత్తం జాబితా తీస్తే ఆ ఇల్లు ఉంది. నంబరు కొట్టి వెదికితే లేదు. ఇంకా విడ్డూరం, 'లేదు' అన్నారు కదా అని ఆఫీసులో అమ్మాయి అదే నంబరును మళ్ళీ ఎక్కిస్తే డేటాబేస్ మారుమాట్లాడకుండా తీసుకుంది. ఒక నంబరు ఒక్కసారే ఉండాలన్న నిబంధన పట్టిక మీద ఉన్నా సరే! నన్ను పిలిచేనాటికి ఒకే ఇంటికి రెండు బకాయిలు నడుస్తున్నాయి.

జరిగింది ఇది. ఇండెక్స్ అంటే విలువలను ఒక వరుసలో పేర్చి పెట్టుకున్న జాబితా. వెదికేటప్పుడు డేటాబేస్ దాన్ని మొదటి నుంచి చదవదు. నడిమికి వెళ్ళి, కావలసినది ఇంతకంటే ముందుందా వెనక ఉందా అని పోల్చుకుని, రెండో వైపును వదిలేస్తూ పోతుంది. ఏది ముందు, ఏది వెనక అన్న నియమాన్ని పోస్ట్‌గ్రెస్ చాలాకాలంగా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని గ్లిబ్‌సి అనే లైబ్రరీని (ప్రోగ్రాములన్నీ ఉమ్మడిగా వాడుకునే కోడ్‌ను) అడిగి తెలుసుకుంటూ వచ్చింది. 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సి 2.28లో ఆ నియమాలను అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గట్టు తిరగరాశారు. మామూలుగా అందరూ పెట్టుకునే ఇంగ్లీషు లొకేల్‌లో (భాషా అమరికలో), పాత నియమం ప్రకారం 11 ముందు వస్తుంది, 1-1 తరువాత వస్తుంది. కొత్త నియమం ప్రకారం 1-1 ముందు, 11 తరువాత. మన ఇంటి నంబర్లన్నీ గీతల మయమే కదా! ఎవరో సాయానికి వచ్చిన కుర్రాడు సర్వర్‌లోని లినక్స్‌ను, అంటే ఉబుంటు 18.04ను, 20.04కు మార్చాడు; దానితో గ్లిబ్‌సి కూడా మారింది. డిస్కు మీద ఉన్న ఇండెక్స్ పాత వరుసలోనే ఉండిపోయింది. వెదికే పద్ధతి కొత్త నియమంతో ఎడమకు వెళ్ళవలసిన చోట కుడికి వెళ్ళింది. అక్కడ లేకపోయేసరికి 'లేదు' అంది.

మందు ఒక్క ముక్కే: రీఇండెక్స్, అంటే ఇండెక్స్‌ను కొత్త నియమంతో మళ్ళీ పేర్చడం. కాని జంట నమోదులు ఉండగా అది కూడా సాగదు, ముందు ఏ బకాయి నిజమో మనిషి కూర్చుని తేల్చాలి. ఆ పని నాకు పట్టిన సమయం కంటే, ఆ వసూలు కుర్రాడు ఇళ్ళ ముందు పడిన మాటలే నాకు ఎక్కువ బాధ.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ ఆపరేటర్ డేటాబేస్‌ను కదపలేదు. కదపకూడదన్న నియమాన్ని అక్షరాలా పాటించాడు. పోస్ట్‌గ్రెస్ పాత వెర్షన్‌ను అలాగే ఉంచి కింద ఉన్నదాన్ని మార్చారు, అంతే. పోస్ట్‌గ్రెస్ చేసినవాళ్ళు ఈ తలనొప్పి మీద ఒక్కో అంచెగా పని చేస్తూ వచ్చారు. 2017లోనే, వెర్షన్ 10లో, ఐసీయూ అనే వేరే లైబ్రరీ నియమాలను వాడుకునే వీలు వచ్చింది. తరువాత గ్లిబ్‌సి వెర్షన్‌ను కూడా గుర్తుపెట్టుకుని, తేడా వస్తే హెచ్చరించడం మొదలైంది. 2024లో వచ్చిన వెర్షన్ 17లో బయటివాళ్ళను అడగనవసరం లేని సొంత వరుస నియమమే పెట్టారు. ఏడేళ్ళు ఒక సమస్య వెంట పడడం అంటే ఇదీ. ఇందులో ఏదీ ప్రదర్శనలో పెట్టి చప్పట్లు కొట్టించుకునే పని కాదు.

రెండో ఉదాహరణ ఇంతకంటే ముదురు. అదే 2018లో బయటపడింది.

డేటాబేస్ ఒక మార్పును ఒప్పుకునే ముందు దాన్ని లాగ్‌లో, అంటే మార్పులన్నీ వరుసగా నమోదయ్యే చిట్టాలో, రాస్తుంది. ఆ లాగ్ డిస్కుకు చేరిందని రూఢి చేసుకున్నాకే 'అయింది' అంటుంది. అందువల్లే కరెంటు పోతే పోస్ట్‌గ్రెస్ భయపడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస మీదుగా ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. తిరిగి వచ్చాక నేను తెరిచి చూసిన సర్వర్లలో లెక్కలు ఎక్కడివి అక్కడ ఉన్నాయి. కరెంటు పోవడం వేరు, డిస్కే రాయలేక చేతులెత్తేయడం వేరు. డిస్కుకు చేర్చమని అడిగే ఆజ్ఞ పేరు ఎఫ్‌సింక్. అది విఫలమైతే పోస్ట్‌గ్రెస్ మళ్ళీ అడిగేది. రెండోసారి 'సరే' అని వస్తే నమ్మేది. తీరా చూస్తే, లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మొదటి వైఫల్యాన్ని చెప్పేశాక, డిస్కుకు చేరవలసిన ఆ డేటా పేజీలను 'శుభ్రం' అని గుర్తు వేసుకుని వదిలేస్తోంది. రెండోసారి వచ్చిన 'సరే'కు అర్థం లేదు. డేటా డిస్కు మీద లేదు, ఉందని అందరూ అనుకుంటున్నారు. దాదాపు 20 ఏళ్ళుగా పోస్ట్‌గ్రెస్ ఈ ఆజ్ఞను తప్పుగా అర్థం చేసుకుంటూ వచ్చిందన్నమాట.

పరిష్కారం మొరటుగా ఉంటుంది. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్ళీ అడగకుండా డేటాబేస్ అక్కడికక్కడే కూలిపోతుంది. లేచి, లాగ్ నుంచి అంతా తిరిగి కట్టుకుంటుంది. ఈ సవరణ 2019 ఫిబ్రవరి విడుదలలలో వచ్చింది. 9.4 నుంచి 11 దాకా, అప్పటికి మద్దతులో ఉన్న వెర్షన్లన్నిటికీ ఇచ్చారు. 9.3 గడువు 2018 నవంబరులోనే ముగిసింది. అంటే 'బాగానే నడుస్తోంది' అనుకుంటూ 9.3 మీద ఆగిపోయినవాళ్ళకు మూడు నెలల తేడాలో ఆ మరమ్మతు దక్కలేదు. ఒక్కో పెద్ద వెర్షన్‌కు అయిదేళ్ళ మద్దతు అన్న లెక్క చాలామందికి కాగితం మీది నియమంలా కనిపిస్తుంది. దాని విలువ ఇలాంటి చోట తెలుస్తుంది.

పైగా, ఎవరూ ముట్టని డేటాబేస్ లోపల కూడా ఊరుకోదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుసను మారిస్తే పాత వరుస వెంటనే చెరిగిపోదు, దాన్ని చూస్తున్నవాళ్ళ కోసం అలాగే ఉంటుంది. ఆ చెత్త ఎత్తడానికి వాక్యూమ్ నడుస్తూ ఉండాలి. ప్రతి లావాదేవీకీ ఒక వరుస సంఖ్య పడుతుంది. ఆ సంఖ్యలు 32 బిట్లవి, మొత్తం 400 కోట్ల పైచిలుకు. అందులో సగమే గతం, సగం భవిష్యత్తు. పాత వరుసలను సమయానికి స్థిరపరచకపోతే చివరికి డేటాబేస్ కొత్త రాతలు ఒప్పుకోనని మొండికేస్తుంది. 2008 నాటి 8.3 నుంచి ఈ పని దానంతట అదే జరుగుతోంది కాబట్టి మనకు తెలియడం లేదు. 'సర్వర్ నెమ్మదించింది' అని ఎవరో ఆటోవాక్యూమ్ ఆపేసిన చోట్లు నేను చూశాను. నెమ్మది తగ్గిన కొన్నాళ్ళకు పట్టికలు ఉబ్బడం మొదలవుతుంది.

సరే, అవతలి వాదనకు కూడా బలం ఉంది, అది దాచను. 2024 నవంబరు 14న వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17.1, దానితోపాటు పాత వెర్షన్లకు వచ్చిన సవరణలు కొందరిని ఇబ్బంది పెట్టాయి. లోపలి నిర్మాణం ఒకదాని పరిమాణం మారడంతో, పాతదానికి తగ్గట్టు కంపైలైన కొన్ని ఎక్స్‌టెన్షన్లు (పోస్ట్‌గ్రెస్‌కు తగిలించుకునే అదనపు భాగాలు) దెబ్బతినే పరిస్థితి వచ్చింది. ఒక ఆజ్ఞ పని చేయడం మానేసింది. వారం తిరిగేసరికి, నవంబరు 21న, రెండో గురువారం దాకా ఆగకుండా 17.2 తెచ్చారు. "చూశారా, కదిపితే ఇలాగే ఉంటుంది" అనేవాళ్ళకు ఇది మంచి ఆయుధం. నేను దీన్ని మరోలా చదువుతాను. తప్పు వచ్చింది. ఎక్కడ వచ్చిందో బహిరంగంగా రాశారు. వారంలో దిద్దారు. గడువు తీరిపోతున్న వెర్షన్ 12కు కూడా ఆ దిద్దుబాటు ఇచ్చి మరీ సాగనంపారు. డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఒప్పించడానికే నెల పట్టిన అనుభవం నాకుంది. కాబట్టి మా దగ్గర పద్ధతి ఒకటే: విడుదల వచ్చిన మర్నాడు కాదు, పది రోజులు ఆగి, ముందు నకలు మీద పెట్టి చూసి, అప్పుడు. జాగ్రత్తకు నేను వ్యతిరేకిని కాను. ఎప్పటికీ చేయకపోవడానికి జాగ్రత్త అని పేరు పెట్టడమే నాకు గిట్టదు.

"ఇదంతా చేసేది ఎవరు? ఆ కంపెనీ ఏ ఊరిది?" అని పలాస వ్యాపారి ఒకాయన అడిగారు. కంపెనీ లేదంటే నమ్మలేదు. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలైన పరిశోధన ఇది. 1996లో ఇప్పటి పేరు వచ్చేనాటికి విశ్వవిద్యాలయం వదిలేసింది, వాడేవాళ్ళే చేతిలోకి తీసుకున్నారు. చాలామందికి జీతాలు ఏదో ఒక కంపెనీ ఇస్తుంది, కానీ ఏ కంపెనీదీ కాదు. దీని విలువ మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. దాన్ని 2008లో సన్ అనే కంపెనీ కొన్నది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది, ఈ లోపే దాన్ని పుట్టించినాయన వేరుపడి మరియాడీబీ పెట్టుకున్నారు. పోస్ట్‌గ్రెస్‌ను అలా కొనడానికి అమ్మేవాడు లేడు.

అమ్మేవాడు లేనప్పుడు చేసేవాడు కూడా కొరతే. మూల కోడ్‌లో మార్పు చేర్చే అధికారం ఉన్నవాళ్ళు ముప్పైమంది దాకా ఉంటారు. టామ్ లేన్ లాంటివాళ్ళు పాతికేళ్ళకు పైగా ఉన్నారు. మన దేశం వాళ్ళూ ఉన్నారు, అమిత్ కపిలా పేరు ఈ రంగంలో అందరికీ తెలుసు. కొత్త కోడ్ రాసి పంపేవాళ్ళకు లోటు లేదు. దాన్ని చదివి, తిప్పి చూసి, ఇది నిలుస్తుందా నిలవదా అని చెప్పేవాళ్ళకే కరువు. ఏడాదికి అయిదుసార్లు కమిట్‌ఫెస్ట్ అని పెడతారు: జూలై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చి. ఆ నెలల్లో కొత్త రాతలు పక్కన పెట్టి, వచ్చినవాటిని పరీక్షించాలి. అక్కడ ఒక మర్యాద ఉంది. నీ ప్యాచ్ (కోడ్‌లో నువ్వు చేసిన మార్పు) పెడితే, మరొకరి ప్యాచ్ ఒకటి నువ్వు చూసిపెట్టాలి. మా వైపు కూలీలు దొరకని నాట్ల రోజుల్లో, ఈ రోజు మీ మడిలో మేము దిగితే రేపు మా మడిలో మీరు దిగుతారు. చేతికి డబ్బు రాదు, లెక్క మాత్రం అందరికీ గుర్తుంటుంది.

మనం ఆ లెక్కలో ఎక్కడున్నాం? మా రెండు జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలల్లో డేటాబేస్ పాఠం ఉంది. ఒక విషయాన్ని ఒక్క చోటే రాయించే నియమాల్లో ఒకటైన మూడో నార్మల్ ఫారం నిర్వచనం పిల్లలకు నోటికి వచ్చు. ఎంప్, డెప్ట్ (ఉద్యోగులు, శాఖలు) అనే ఆ రెండు పాఠ్యపుస్తకపు పట్టికలు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఆస్తిలా దిగుతున్నాయి. చివరి ఏడు ప్రాజెక్టు అంటే మాత్రం ప్రతి ఒక్కరూ కొత్తగా ఏదో 'మేనేజ్‌మెంట్ సిస్టమ్' కట్టాలి. మార్కులు పడ్డ మర్నాడు అది చచ్చిపోతుంది. ఉన్నదాన్ని చదివి తప్పు పట్టుకున్నవాడికి మార్కులు వేసే గడి మన మూల్యాంకన పత్రంలో లేదు. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళకు మొదట ఇచ్చేది ఈ పనే: మూలం దించుకో, కంపైల్ చెయ్యి, ఎవరిదో ఒక ప్యాచ్ అతికించు, పరీక్షలు నడుపు, వాళ్ళు రాసిన వివరణ చదివి నీకు ఎక్కడ అర్థం కాలేదో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయి. 'నాకు అర్థం కాలేదు' అన్నది కూడా అక్కడ పనికొచ్చే సమాచారమే. మొదటి వారం మొహం చిట్లిస్తారు. ఇంత చేస్తే బయోడేటాలో ఏం రాసుకోవాలని అడుగుతారు.

అలాంటి చూపు ఏం చేస్తుందో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ పనిలో భాగంగా వేగం కొలుస్తున్నాడు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం వచ్చింది. తీగ లాగితే, ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి పెట్టిన దొంగదారి బయటపడింది. అర సెకనుకు ఎవరు ఆగుతారు? రోజూ కొలిచేవాడు ఆగుతాడు.

మనం చేయగలిగినదీ, మనం తప్ప మరొకరు చేయలేనిదీ ఒకటి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో పాఠాన్ని మాటలుగా విడగొట్టి వెదికే భాగం రాసినవాళ్ళు రష్యన్లు, ఒలెగ్ బార్టునోవ్, తియోదోర్ సిగేవ్ మొదలైనవాళ్ళు. సి భాషలో రాసిన దాని ఫైలు తెరిచి చూడండి. 'అక్షరం కాదు, అయినా దీని దగ్గర మాటను తెంచకూడదు' అన్న గుర్తుల పట్టిక ఒకటి కనిపిస్తుంది. అందులో మన సున్నా ఉంది, విసర్గ ఉంది, కొమ్ము, కొమ్ముదీర్ఘం ఉన్నాయి. మన లిపి చదవనక్కరలేనివాళ్ళు మన మాట నడుమ తెగిపోకుండా చూశారు. అంతవరకే వాళ్ళు చేయగలరు. ఆ తరువాతి అంచె మాటకు మూలరూపం పట్టుకోవడం. దానికి స్నోబాల్ అనే అల్గారిథముల సముదాయాన్ని వాడతారు. ఆ జాబితాలో తమిళం ఉంది, హిందీ ఉంది, నేపాలీ ఉంది. తెలుగు లేదు. ఎవరూ మనల్ని తీసేయలేదు, మనవాళ్ళెవరూ రాసి ఇవ్వలేదు. ఫలితం: మిల్లు గుమస్తా 'నెల్లిమర్లకు లారీ పంపాం' అని రాసుకుంటే, 'నెల్లిమర్ల' అని వెదికినప్పుడు అది రాదు.

స్నోబాల్‌కు కావలసినవి రెండు: నియమాలు, ఆ నియమాలు సరిగా పని చేస్తున్నాయని చూపే పదాల జాబితా. విభక్తుల దాకా నా దగ్గర ఒక ఫైలు తయారైంది. లో, తో, నుంచి, కి, కు, ని, ను తేలికగానే ఊడుతున్నాయి. ఇంటి, ఊరి లాంటివాటిని విడిగా రాసుకుంటే సరిపోతోంది. బహువచనంలో 'ళ్ళు' దగ్గర బండి ఆగింది. ఇళ్ళు అంటే ఇల్లు, ఊళ్ళు అంటే ఊరు, గుళ్ళు అంటే గుడి, కళ్ళు అంటే కన్ను. ఒకే తోక, వెనక్కి వెళ్ళే దారులు నాలుగు. 'ళ్లు' అని రాసేవాళ్ళను కూడా కలుపుకుంటే జాబితా రెట్టింపు. సి భాష వచ్చినవాళ్ళకు ఇక్కడ పని లేదు, విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో తెలుగు వ్యాకరణం చదువుకున్నవాళ్ళకే ఉంది. 'పళ్ళు' ఎదురుగా పండు అని రాయాలో, పన్ను అని రాయాలో, రెంటినీ వదిలేసి 'పళ్ళు' అనే ఉంచాలో వాళ్ళు తేల్చి పంపితే మిగిలిన కోడ్ నేను రాసిపెడతాను.